అమెరికా సీనరీ ఫొటోలు కడపలో గోడకు పెడదామని ఉండా, ఏవి ఏరుకోవాలో చెప్పండప్పా

ప్రొద్దుటూరు_ఫీనిక్స్:

అందరికీ నమస్తే. మాది ప్రొద్దుటూరు పక్క పల్లె, ఉద్యోగం అరిజోనాలో, ఫీనిక్స్. ఇక్కడ లాంగ్ వీకెండ్ వస్తే చాలు కెమెరా బ్యాగు కార్లో పడేసుకోని పోతాంటా. గ్రాండ్ కాన్యన్ మాకు నాలుగు గంటల్లోపే, ఇంకొంచెం పైకి పోతే హార్స్‌షూ బెండ్, మాన్యుమెంట్ వ్యాలీ, లీవు ఎక్కువ దొరికినప్పుడు యోసెమిటీ, ఎల్లోస్టోన్ కూడా తిరిగినా. హార్డ్ డిస్కు నిండిపోయింది గానీ చూసే దిక్కు లేదు. సంక్రాంతికి ఊరికి వస్తాండా, కడపలో నా ఇంటర్ ఫ్రెండు ఒకడు కోచింగ్ సెంటర్ నడుపుతాడు, పండగ సెలవుల్లో పైన హాలు ఖాళీగానే ఉంటాది నీ ఫొటోలు తెచ్చి పెట్టుకో, పిలకాయలు కూడా చూస్తారు అన్నాడు. గోడ కొలిస్తే పాతిక ఫొటోలు పడతాయి, అంతకు మించి పట్టవు.

ఇప్పుడు తిప్పలు ఏందంటే నా దగ్గర రెండు ఫోల్డర్లు ఉండాయి. ఒకదాంట్లో అందరూ తీసేవే, యోసెమిటీలో టన్నెల్ వ్యూ, సాయంత్రం ఎండకు ఎర్రబడిన మాన్యుమెంట్ వ్యాలీ దిబ్బలు, గ్రాండ్ కాన్యన్ అంచున మాథర్ పాయింట్ కాడ సూర్యోదయం, ఇట్లాంటివి. తెల్లారి మూడుకు లేచి చలిలో ట్రైపాడ్ పెట్టుకోని నిలబడి తీసినవి, టెక్నికల్‌గా వంక పెట్టేదానికి లేదు. రెండో ఫోల్డర్‌లో దోవలో ఊరికే తీసినవి, పెట్రోల్ బంకులు, మోటెల్ కిటికీ లోంచి కనపడే కొండ, రెయిలింగ్ కాడ జనం, మా అమ్మా నాయన వచ్చినప్పటివి. మొదటివి నాయనకు వాట్సాప్‌లో పంపితే బాగుండాయి అని చెప్పి, ఇవి గూగుల్లో కూడా ఉండాయి కదరా నువ్వే తీసినావని జనాలకు ఎట్లా తెలుస్తాది అన్నాడు. చిన్నాయన అయితే ఇంకా ఘోరం, దీనికోసం అంత దూరం పోవల్నా మన గండికోట ఇట్లే ఉండాది కదా అని ఫోన్ పెట్టేసినాడు.

కడపోళ్లకు ఏది చూపిస్తే బాగుంటాది? అమెరికా అంటే వాళ్లు చూడాలనుకునేది మొదటి ఫోల్డరే అని నాకు అనిపిస్తాంది, కానీ ఆ పాతికా వరసగా గోడ మీద ఊహించుకుంటే నాకే ఆవులింతలు వస్తాండాయి. పక్కన గండికోట ఫొటో పెట్టి పోలిక చూపించేది బాగుంటాదా, లేక చిన్నాయన లాంటోళ్లకు మేత వేసినట్టు అవుతాదా? ప్రింట్ల గురించి కూడా తెలిసినోళ్లు చెప్పండి.

కడప_స్టూడియో_అన్న:

తమ్ముడూ, నాకు ఈ లైన్‌లో నెత్తి నెరిసింది కాబట్టి చెప్తాండా. కడపోళ్లు అమెరికా సీనరీ చూడలేదని నువ్వు అనుకుంటాండావు చూడు, అది తప్పు. నువ్వు పుట్టకముందు నుంచి చూస్తాండారు. మా షాపులో నాలుగు కర్టెన్లు ఉండేవి, దాంట్లో ఒకటి మంచు కొండ, ముందర చెరువు, చెరువు పక్కన దేవదారు చెట్లు, ఒక చెక్క ఇల్లు. అది ఏ దేశమో ఆ బొమ్మ వేసినోనికి కూడా తెలీదు. మే నెలలో కొత్తగా పెళ్లయినోళ్లు వచ్చి ఆ మంచు కొండ ముందర హాలోజన్ లైట్ల కింద చెమటలు కారుస్తా కూర్చునేవాళ్లు, మొగోని పౌడర్ కారి కాలర్ మీదకు వచ్చేది, నేను టవల్ ఇచ్చి తుడిపించి మళ్లీ తీసేవాణ్ణి. ఆ ఫొటోలు ఇప్పటికీ ఇండ్లల్లో ఉండాయి. మిగతా మూడు కర్టెన్లు ఎవురూ అడిగేవాళ్లు కాదు.

ఆ తర్వాత నెట్ సెంటర్లు వచ్చినాయి. ఏ కంప్యూటర్ ఆన్ చేసినా పచ్చగడ్డి దిబ్బ, నీలం ఆకాశం, తెల్ల మబ్బులు. విండోస్ ఎక్స్‌పీ వాల్‌పేపర్. అది కూడా అమెరికానే, కాలిఫోర్నియాలో సోనోమా అనే జిల్లా, చార్లెస్ ఓరియర్ అనే ఆయన 1996 జనవరిలో కారు పక్కకు ఆపి మమియా కెమెరాలో ఫ్యూజీ వెల్వియా రీలు వేసి తీసినాడు. ఆ దిబ్బ మీద నిజానికి ద్రాక్ష తోట ఉండాల, ఏదో తెగులు తగిలి తీగెలన్నీ పీకేసినారు, ఆ సందులో వానలకు గడ్డి మొలిచింది, సరిగ్గా అప్పుడు ఈయన పోయినాడు. ఇప్పుడు పోయి చూస్తే మళ్లీ ద్రాక్ష తోటే. మన రైతు చూస్తే అయ్యో తోట పోయిందే అంటాడు, ప్రపంచం మొత్తం చూసి ఆహా ఎంత ప్రశాంతంగా ఉండాదో అనింది. పులివెందుల పక్క చీనీ తోటలు ఎండిపోయి కొట్టేసిన బీడు చూసినోనికి ఇది ఇంకా బాగా అర్థమవుతాది.

కాబట్టి కేలెండర్ ఫొటోలు అసలు వద్దు అనను, ఆరేడు పెట్టు, జనం లోపలికి వచ్చేదే దానికోసం. మిగతాది రెండో ఫోల్డర్‌ది నింపు. అమ్మా నాయన ఉండే ఫొటో ఏదో ఉండాది అన్నావే, అది ఎట్లుంటాదో కొంచెం చెప్పు.

ఇంక ప్రింట్ల సంగతి. వాట్సాప్‌లో పంపిన ఫైలు ల్యాబుకు తేవద్దు, అది నలిగిపోయి ఉంటాది. ఒరిజినల్ పెన్‌డ్రైవ్‌లో తీసుకురా. 12x18 సైజుకు పొడవు పక్క 5400 పిక్సెళ్లు ఉంటే నిక్షేపంగా వస్తాది. గ్లాసీ పేపర్ వద్దు, మ్యాట్ వేయించు. ఎరుపు రంగు కంప్యూటర్‌లో కనపడినంత పెంచినావంటే ట్యూబ్‌లైట్ కింద కుంకుమ చల్లినట్టు అయిపోతాది, ముందు ఒక చిన్న ప్రింటు వేయించి ఆ హాలు గోడకే పెట్టి చూసుకోని తర్వాత మొత్తం వేయించు. ఫ్లెక్స్ జోలికి పోవద్దు, చవక అని ఎవడన్నా చెప్పినా సరే, దగ్గరికొస్తే చుక్కలు కనపడతాయి.

రాళ్ల_సారు_అనంతపురం:

నేను జియాలజీ పాఠాలు చెప్పేవాణ్ణి, రిటైర్ అయ్యాను. గండికోట పోలిక గురించి అడిగారు కాబట్టి నాలుగు ముక్కలు.

మీ చిన్నాయన అన్నది ఫోన్ తెర మీద చూస్తే నిజమే. ఎర్ర రాయి, మధ్యలో చీలిక, అడుగున నీళ్లు, రెండూ ఒకటే అనిపిస్తాయి. తెరలో పోయేది కొలత. గండికోట దగ్గర పెన్న లోయ వెడల్పు దాదాపు 300 అడుగులు అంటారు, ఇవతలి గట్టు మీద కూర్చుంటే అవతలి గట్టు మీద మేక మెడ తిప్పితే కూడా కనిపిస్తుంది, కేకేస్తే వినిపిస్తుంది. గ్రాండ్ కాన్యన్‌లో దక్షిణపు అంచు మీది సౌత్ రిమ్ విలేజ్ నుంచి ఎదురుగా ఉత్తరపు అంచు నార్త్ రిమ్‌కు కాకి ఎగిరే దూరమే 16 కిలోమీటర్లు, మొత్తం పొడవు 446 కిలోమీటర్లు, లోతు ఒకటిన్నర కిలోమీటరు పైన. అంటే మీ కెమెరాకూ అవతలి గోడకూ మధ్య 16 కిలోమీటర్ల గాలి ఉంది. అందుకే మధ్యాహ్నం తీసిన ఫొటోలు నీలంగా పొగ పట్టినట్టు వస్తాయి, అది లెన్సు తప్పు కాదు, గాలి రంగు అది. ఫొటోగ్రాఫర్లు దాన్ని కష్టపడి తీసేస్తారు. తీసేస్తే దూరం కూడా పోతుంది, కాన్యన్ కాస్తా గండికోట సైజుకు వచ్చేస్తుంది. మీరు పోలిక పెట్టదలిస్తే ఆ పొగను ఉంచండి.

రాయి కూడా వేరు. మన గండికోటది క్వార్ట్‌జైట్, గట్టి రాయి, పగిలితే పెట్టెలు పేర్చినట్టు చదరంగా పగులుతుంది, నిట్టనిలువుగా నిలబడుతుంది. అక్కడ గట్టి పొర, మెత్తటి పొర, మళ్లీ గట్టి పొర ఇలా మారుతూ ఉంటాయి కాబట్టి మెట్లు మెట్లుగా అరుగుతుంది. వయసులో మనవాళ్లే పెద్ద. వాళ్ల కాన్యన్‌లో మనం నిలబడే పైపొర కైబాబ్ సున్నపురాయి 27 కోట్ల ఏళ్లది. మన కడప బేసిన్‌లో అడుగు పొరలు 180 కోట్ల ఏళ్లు దాటినవి. దాదాపు అంత పాత రాయి వాళ్లకు కావాలంటే కాన్యన్ అట్టడుగుకు దిగాలి, అక్కడ నల్లగా మెరిసే రాయి ఉంటుంది, దాని పేరు విష్ణు షిస్ట్. నవ్వకండి, నిజం పేరే. క్లారెన్స్ డటన్ అనే జియాలజిస్టు 1880ల్లో అక్కడి శిఖరాలకు విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లు పెట్టాడు, బ్రహ్మ టెంపుల్ కూడా ఉంది. మీ దగ్గర విష్ణు టెంపుల్ ఫొటో ఉంటే అది పెట్టండి, దాని ముందు నిలబడని మనిషి ఉండడు.

ఇంకో మాట. ఎల్లోస్టోన్‌కు 1871లో హేడన్ అనే ఆయన సర్వే బృందాన్ని తీసుకుపోయినప్పుడు విలియం హెన్రీ జాక్సన్ అనే ఫొటోగ్రాఫర్‌ను కూడా వెంట పెట్టుకుపోయాడు. ఆ ఫొటోలు వాషింగ్టన్‌లో అమెరికా కాంగ్రెస్ సభ్యులకు చూపించారు, 1872లో అది నేషనల్ పార్క్ అయింది. సరిగ్గా అదే 1872లో మన కడప, కర్నూలు రాళ్ల మీద విలియం కింగ్ అనే దొర జియలాజికల్ సర్వే తరఫున పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. చాలా గొప్ప పని అది, మేమంతా దాని మీదే చదువుకున్నాం. అయితే అక్కడ రాళ్ల వెంట కెమెరా పోయింది, పార్కు వచ్చింది. ఇక్కడ రాళ్ల వెంట గునపం పోయింది, క్వారీ వచ్చింది. కడప బండ పరవని వంటిల్లు దక్షిణ దేశంలో ఎన్ని ఉన్నాయి చెప్పండి.

జమ్మలమడుగు_కుర్రోడు:

సార్ సూపర్ 👏 నాకు ఒకటే మంట, గండికోటకు పోతే ప్రతి యూట్యూబ్ వాడు ఇండియన్ గ్రాండ్ కాన్యన్ ఇండియన్ గ్రాండ్ కాన్యన్ అని అరుస్తా ఉంటాడు, అక్కడోళ్లు ఎవరన్నా అరిజోనాలో నిలబడి ఇది అమెరికన్ గండికోట అంటారా. పెమ్మసాని నాయకుల కోట ఉండాది, మాధవరాయ గుడి ఉండాది, జామా మసీదు ఉండాది, ధాన్యాగారం ఉండాది, అవేవీ వాళ్ల ఫొటోల్లో ఉండవు, అంచు మీద కాళ్లు యాలాడేసి కూర్చున్న ఫొటో ఒకటే. ఆ అంచు మీద రెయిలింగ్ కూడా లేదు చానా చోట్ల, పడితే పైకే పోతాము. వెనక బిర్యానీ పొట్లాలు, వాటర్ బాటిళ్లు, అవి కూడా ఫొటోలో రావు.

అన్నా నువ్వు పోలిక పెట్టొద్దు అనేది నా ఓటు. పెడితే జనం ఏది గొప్ప అనే పంచాయితీలో పడతారు, నీ ఫొటోలు చూడరు. నువ్వు ఆ పెట్రోల్ బంకులు పెట్టు, మాకు అవే కావాల, గ్రాండ్ కాన్యన్ మేము ఫోర్‌కే వీడియోలో డ్రోన్ తోటి చూసేసినాం.

నల్లమల_టు_న్యూజెర్సీ:

నేను నంద్యాల అమ్మాయిని, ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది, ఫొటోగ్రఫీ క్లబ్బుల్లో తిరుగుతుంటా. అందరూ ఏ ఫోల్డర్ అని అంటున్నారు, నాకు అసలు ఆ విడదీయడమే ఎందుకో అర్థం కావట్లేదు. మొదటి ఫోల్డర్ అమెరికా వాళ్లది, రెండోది మన లాంటి వలస వచ్చినోళ్లది అనే లెక్క ఉన్నట్టుంది బ్రదర్ మీ మాటల్లో. ఆ క్లాసిక్ సీనరీని తయారు చేసినోళ్లలోనే బయటి నుంచి వచ్చినోళ్లు బోలెడు మంది ఉన్నారు.

యోసెమిటీ తీసుకోండి. కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో 18x22 అంగుళాల గాజు పలకలు కంచరగాడిదల మీద ఎక్కించుకోని పోయి తీశాడు, 1864లో లింకన్ ఆ లోయను కాపాడే చట్టం మీద సంతకం పెట్టడం వెనక ఆ ఫొటోల పాత్ర ఉందంటారు. ఆయన అమెరికన్. తర్వాత వచ్చి ఆయనతో పోటీ పడి తీసిన మైబ్రిడ్జ్ ఇంగ్లండ్ నుంచి వచ్చినోడు. అప్పటి ప్లేట్లకు నీలం రంగు తట్టుకునే శక్తి లేదు, ఆకాశం మొత్తం సున్నం కొట్టిన గోడలా తెల్లగా వచ్చేది. మైబ్రిడ్జ్ ఏం చేసేవాడంటే మబ్బుల నెగెటివ్‌లు వేరేగా తీసి పెట్టుకోని ప్రింటులో అతికించేవాడు. ఇప్పుడు మన పెళ్లి ఆల్బమ్‌లో సన్‌సెట్ ఆకాశం తగిలించే స్టూడియో అన్నలు ఎవరూ కొత్తగా పాపం చేయట్లేదు 😄

ఇంకొకాయన జార్జ్ మాసా, జపాన్ నుంచి వచ్చి నార్త్ కరోలినాలో యాష్‌విల్ ఊర్లో ఒక పెద్ద హోటల్లో పనికి కుదిరినాడు. తర్వాత కెమెరా పట్టుకోని స్మోకీ మౌంటెన్స్ అంతా తిరిగినాడు, సైకిల్ చక్రానికి మీటర్ బిగించి తోసుకుంటా నడిచి కాలిబాటల పొడవు కొలిచినాడు. ఆ ఫొటోలు పార్కు కావాలనే ఉద్యమానికి పనికొచ్చినాయి. 1933లో చనిపోయాడు, పార్కు 1934లో వచ్చింది, చూడలేదు పాపం. అక్కడ ఒక శిఖరానికి ఆయన పేరు ఉంది. మన వాళ్లు డాలస్, అట్లాంటా నుంచి వ్యాన్లు మాట్లాడుకోని స్మోకీస్‌కి పోయి పులిహోర తిని ఫొటోలు దిగి వస్తారు, ఒక్కరికి కూడా ఈ పేరు తెలియదు.

నాకు మాత్రం ఈ మాట వస్తే ముందు గుర్తొచ్చేది మంజనార్. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల కింద ఎడారి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న వాళ్లను, అందులో ఎక్కువ మంది అక్కడే పుట్టిన పౌరులు, దాదాపు 1,20,000 మందిని తీసుకుపోయి క్యాంపుల్లో పెట్టారు కదా, దాంట్లో మంజనార్ ఒకటి, పది వేల మందికి పైగా ఉండేవాళ్లు. అమెరికా సీనరీ ఫొటోలకు పేరుమోసిన అన్సెల్ ఆడమ్స్ అక్కడికి పోయి క్యాంపులో మనుషుల ఫొటోలు చాలా తీశాడు, మంచి మనసుతోనే తీశాడు. అదే టైంలో 1944లో అక్కడి నుంచే మౌంట్ విలియమ్సన్ తీశాడు, ముందర పెద్ద పెద్ద గుండ్రాళ్లు, వెనక కొండ మీద మబ్బుల్లోంచి వెలుగు. క్లాసిక్ అంటే క్లాసిక్, పుస్తకాల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. దాంట్లో క్యాంపు లేదు, ముళ్లకంచె లేదు.

ఆ క్యాంపులోనే తోయో మియాతకే అనే ఆయన ఉన్నాడు, 1909లో పిల్లవాడిగా జపాన్ నుంచి వచ్చి లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో పెట్టుకున్న మనిషి. ఖైదీలకు కెమెరా నిషేధం. ఈయన ఒక లెన్సు, ఫిల్మ్ హోల్డర్ దాచిపెట్టుకోని తీసుకుపోయాడు, లోపల ఒక వడ్రంగి చేత చెక్క పెట్టె చేయించుకున్నాడు, చూసేవాళ్లకు టిఫిన్ డబ్బా అనుకునేటట్టు, దానికి లెన్సు బిగించి దొంగతనంగా తీసేవాడు. పట్టుబడ్డాక డైరెక్టర్ మెత్తబడి తీసుకోమన్నాడు గానీ ఒక కండిషన్ పెట్టినారు, ఫ్రేమ్ నువ్వు సర్దుకో, బటన్ మాత్రం తెల్లవాళ్లు ఎవరైనా నొక్కాలి అని. కొన్నాళ్లకు అది కూడా ఎత్తేశారు. ఆయన తీసిన వాటిల్లో ముగ్గురు పిల్లోళ్లు ముళ్లకంచె పక్కన నిలబడిన ఫొటో ఉంది, వెనక కాపలా టవరు, దాని వెనక అవే కొండలు. ఆ రెండు ఫొటోలు పక్క పక్కన పెట్టుకోని చూడండి ఒకసారి, మీ రెండు ఫోల్డర్ల సంగతి అక్కడే తేలిపోతుంది.

ఇంకో విషయం, మాన్యుమెంట్ వ్యాలీ ఫొటోలు పెడితే దాని కింద అరిజోనా అని రాసి వదిలేయకండి. అది నవాహో అనే అక్కడి ఆదివాసీల నేల, వాళ్ల ట్రైబల్ పార్కు, నేషనల్ పార్క్ పాస్ అక్కడ పనిచేయదు, టికెట్ డబ్బులు వాళ్లకే పోతాయి. యోసెమిటీ కూడా అంతే, ఖాళీ లోయ అని మనం చూస్తామే, 1851లో సైనికులు వచ్చి అక్కడి అహ్వాహ్నీచీ జనాన్ని తరిమిన తర్వాత ఖాళీగా కనపడింది అది.

ప్రొద్దుటూరు_ఫీనిక్స్:

అక్కా, మంజనార్ మీదుగా రెండు సార్లు పోయినా గానీ కారు ఆపలేదు, హైవే పక్కనే టవరు కనపడతాది, ఏదో మ్యూజియం అనుకున్నా. ఈసారి ఆపుతా. నవాహో మాట కరెక్టే, ఆ మట్టి రోడ్డు 17 మైళ్లు మన కారుతో నడిపేటప్పుడు అడుగడుగునా ఇండ్లు కనపడతాయి, ఒక పెద్దామె నగల స్టాల్ పెట్టుకోని రేడియో వింటా కూర్చోని ఉండేది. నేను ఫ్రేమ్‌లో ఆమె రాకుండా పక్కకు జరిగి తీసినా అప్పుడు. అడగకుండా మనుషుల్ని తీయొద్దని బోర్డు ఉంటాది, అదొక కారణం, కానీ అడగొచ్చు కదా, అడగలేదు.

స్టూడియో అన్న అడిగిన అమ్మ ఫొటో గురించి. మాథర్ పాయింట్ కాడ తీసింది. అమ్మకు ఎత్తు అంటే కండ్లు తిరుగుతాయి. నాయన రెయిలింగ్ పట్టుకోని వంగి చూస్తాంటే అమ్మ అటు తిరగను అంటే తిరగను అని గుంతకు వీపు పెట్టి రాతి అరుగు మీద కూర్చుంది. పట్టు అంచు నేత చీర, దాని మీద నా జాకెట్, చేతులు పొడుగై గోళ్లు మాత్రమే బయటికి కనపడతాంటాయి, కాళ్లకు కొత్త స్నీకర్లు. ఒళ్లో స్టీలు టిఫిన్, మూత తీసి చిత్రాన్నంలో చెనక్కాయ గింజలు మాత్రం ఏరి పక్కనున్న కొరియా పిల్లోనికి ఇస్తాంది, వాళ్లమ్మ కెమెరా వంక చూసి నవ్వుతాంది. వెనక మొత్తం కాన్యన్, సార్ చెప్పిన నీలం పొగతో సహా. ఫోకస్ టిఫిన్ మీద పడింది, అమ్మ మొగం కొంచెం మెత్తగా వచ్చింది, కాన్యన్ అయితే పూర్తిగా మసక. అందుకే పక్కన పడేసినా.

కడప_స్టూడియో_అన్న:

అది పక్కన పడేసినావా. తమ్ముడూ నీకు ఒక దండం. అది 20x30 వేయించు, వాకిలి ఎదురుగోడకు. ఫోకస్ గురించి ఏం పట్టించుకోవద్దు, టిఫిన్ మీద ఫోకస్ ఉంటే టిఫినే చూస్తారు, దాని నుంచి చేతికి పోతారు, చేతి నుంచి ఆ పిల్లోనికి పోతారు, ఆఖర్న కాన్యన్‌కు పోతారు. వచ్చిన ఆడోళ్లందరూ ఆ ఫొటో కాడనే నిలబడతారు చూడు.

జమ్మలమడుగు పిల్లోడు చెప్పినట్టు గండికోట పోలిక పెట్టొద్దు. సారు చెప్పిన పొగ సంగతి మాత్రం రెండు వాక్యాల్లో కింద రాయి. చీటీలు తెలుగులో రాయాల, ఇంగ్లీషులో రాస్తే పిలకాయలు ఫొటో తీసుకోని పోతారు, చదవరు.

రాళ్ల_సారు_అనంతపురం:

నేను పోలికకు వ్యతిరేకిని కాను అని రికార్డులో ఉండనివ్వండి. ఒక్క మూలన పెడితే నష్టం ఏమిటి? గండికోట నుంచి ఒక ఫొటో, కాన్యన్ నుంచి ఒక ఫొటో, రెండింట్లోనూ ఒక్కో మనిషి ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఎత్తుకు కనిపించేట్టు ప్రింటు వేయించాలి. అప్పుడు గండికోట ప్రింటు అవతలి గట్టుతో సహా గోడ మీద సరిపోతుంది, కాన్యన్ అవతలి గట్టు మాత్రం మీ ఫ్రెండు హాలు దాటి, రోడ్డు దాటి, ఇంకా చాలా దూరం పోవాలి. పిల్లలకు స్కేలు అంటే ఏమిటో పాఠం చెప్పకుండానే తెలుస్తుంది.

అన్నట్టు ఆడమ్స్ ఫొటోల్లో ఆకాశం అంత నల్లగా ఎందుకు ఉంటుందని మా అబ్బాయి అడిగాడు. 1927లో యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే కొండను తీసినప్పుడు ఆయన దగ్గర ఒక్క ప్లేటే మిగిలింది, దానికి ఎర్ర ఫిల్టర్ పెట్టాడు, ఎరుపు గాజు నీలాన్ని ఆపేస్తుంది కాబట్టి ఆకాశం చీకటి పడింది. కళ్లకు కనిపించింది కాదు అది, మనసుకు అనిపించింది. అందుకే ప్రొద్దుటూరు బాబు పొగను ఉంచితే ఒప్పు, తీస్తే తప్పు అని ఏమీ లేదు.

జమ్మలమడుగు_కుర్రోడు:

సార్ ఆ స్కేల్ ఐడియా అయితే నా ఓటు వెనక్కి తీసుకుంటా. గండికోట ఫొటో కావాలంటే నేను తీసిస్తా, మా అబ్బను నిలబెడతా, ఎర్ర తలపాగా ఉండాది, దూరం నుంచి కూడా కనపడతాడు. ఫ్రీగానే, కింద పేరు వేస్తే చాలు.

నల్లమల_టు_న్యూజెర్సీ:

మీ అబ్బ ఒప్పుకున్నాడా లేదా ముందు అడుగు తమ్ముడూ 😀

ప్రొద్దుటూరు బ్రదర్, ఏరేటప్పుడు ఒక పని చేయండి. పాతికా 4x6 చిన్న ప్రింట్లు వేయించుకోని నేల మీద పరిచి ఇంట్లో వాళ్లను చూడమనండి, మీరు ఏమీ చెప్పొద్దు. ఎవరు దేన్ని వంగి చేతిలోకి తీసుకుంటారో గమనించండి, అది ఉంచండి. ఆ నవాహో పెద్దామె ఫొటో లేదు కాబట్టి ఆమె స్టాల్ గురించి ఒక చీటీ అయినా రాసి మాన్యుమెంట్ వ్యాలీ కింద పెట్టండి. మోటెల్ కిటికీ ఫొటో కూడా వదలొద్దు. మనలో చాలా మందికి అమెరికా కొండలు కనపడేది ఆ కర్టెన్ పక్కకు జరిపినప్పుడే.

ప్రొద్దుటూరు_ఫీనిక్స్:

సరే అక్కా. అమ్మను మాత్రం అడగాల, ఆ ఫొటో గోడకు పెడతా అంటే నా జుట్టు గాలికి చెదిరి ఉండాది వద్దు అంటాది కచ్చితంగా. నాయన చేత చెప్పిస్తా. అబ్బ ఒప్పుకుంటే గండికోట ఫొటో పంపించు తమ్ముడూ, ఒరిజినల్ ఫైలే పంపు. స్టూడియో అన్నా, ఇంకొకటి, ఫ్రేములు కట్టియ్యాల్నా లేక ఊరికే అంటిస్తే సరిపోతాదా? మోటెల్ కిటికీది, పెట్రోల్ బంకుది రాత్రి ఫొటోలు, నల్లగా ఉంటాయి.

కడప_స్టూడియో_అన్న:

అద్దం ఫ్రేము అసలు వద్దు. రాత్రి ఫొటోలకు అద్దం వేస్తే ట్యూబ్‌లైటు, ఎదురుగోడ, చూసేవాని మొగం అన్నీ కనపడతాయి, ఫొటో తప్ప. ఫోమ్ బోర్డు మీద అతికిచ్చుకో, ల్యాబులోనే చేసిస్తారు. డబల్ టేపు నమ్ముకోవద్దు, సున్నం గోడ అయితే రెండో దినానికి పొరతో సహా ఊడి పడతాది. మేకులు కొట్టనిస్తాడో లేదో మీ ఫ్రెండును ఇప్పుడే అడుగు, కొట్టనియ్యకపోతే పై నుంచి ఫిషింగ్ దారం వేలాడదీసి క్లిప్పులు పెట్టుకుందాం, నా దగ్గర ఉండాయి. పండగ ముందర ల్యాబులో పెళ్లి ఆల్బమ్‌ల రద్దీ ఉంటాది, ఫైళ్లు డిసెంబర్ ఆఖరుకల్లా నాకు చేర్చు.